పొడిపించుకున్న పచ్చబొట్టు, వేయించుకున్న టాటూ

మా అవ్వ తరంవాళ్ళు పచ్చబొట్టు పొడిపించుకున్నారు. మా పిల్లల తరంవాళ్ళు టాటూ వేయించుకుంటున్నారు. సూది, నెత్తురు, రెండు రోజుల వాపు అప్పుడూ ఉన్నాయి, ఇప్పుడూ ఉన్నాయి. మాట మాత్రం మారింది. "పొడిపించుకోవడం" అంటే నొప్పి కళ్ళకు కడుతుంది. "వేయించుకోవడం" అంటే గోడకు రంగు వేయించుకున్నంత సులువుగా వినిపిస్తుంది. ఈ రెండు మాటల మధ్యలో మా అమ్మ తరం ఉంది. వాళ్ళు చిన్నప్పుడు పొడిపించిన బొట్లను పెద్దయ్యాక దాచుకున్నారు. ఒకే ఇంట్లో ముగ్గురు ఆడవాళ్ళు ఒకే పనిని మూడు రకాలుగా చూడడం వెనక ఏం జరిగిందో తెలుసుకోవాలని కొన్నాళ్ళుగా చదువుతున్నాను, పెద్దవాళ్ళను అడుగుతున్నాను. నాకు తెలిసింది ఇక్కడ రాస్తున్నాను.

ముందు పేరు సంగతి. మనం పచ్చబొట్టు అంటాం. తమిళులు పచ్చై కుత్తడం అంటారు, అంటే పచ్చ పొడవడం. మా జిల్లాకు పక్కనే ఉన్న కన్నడంవాళ్ళు హచ్చె అంటారు. మన పాలు వాళ్ళకు హాలు, మన పులి వాళ్ళకు హులి అయినట్టే, పచ్చె అన్నది హచ్చె అయింది. అందరికీ అది పచ్చే. నిజానికి లోపలికి పోయేది నల్లటి మసి. చర్మం పై పొర కింద నిలిచిన నలుపు, పైనుంచి చూసేవాళ్ళకు నీలిగానో పచ్చగానో కనిపిస్తుంది. టాటూ అన్న మాట ఇంగ్లీషువాళ్ళది అనుకుంటాం కానీ వాళ్ళకూ అది అరువే. 1769లో కెప్టెన్ కుక్ ఓడ తాహితి దీవికి వెళ్ళినప్పుడు అక్కడివాళ్ళు "తతావు" అనే మాటను విని తెచ్చుకున్నారు. దీవులవాళ్ళ మాట లండను చుట్టి బెంగళూరు మాల్‌లోకి వచ్చేసరికి గొప్పదైంది. మన ఊరి మాట పల్లెలోనే ఉండిపోయి మోటదైంది.

మా ఊళ్ళలో పచ్చబొట్లు పొడిచింది ఎక్కువగా ఎరుకల ఆడవాళ్ళు. మా పక్క కొరచోళ్ళు అని కూడా అంటారు. బుట్టలు, చాటలు అల్లి అమ్మేవాళ్ళు, ఎరుక చెప్పేవాళ్ళు, పచ్చబొట్లు పొడిచేవాళ్ళు ఒక్కరే. మా అవ్వ చెప్పినదాని ప్రకారం, కోతలైపోయి ఇళ్ళలో గింజలు ఉన్న నెలల్లో వచ్చేవాళ్ళు. మూడు నాలుగు సూదులు దారంతో కలిపి కట్టి, ఆముదం దీపం మసిని ఆకు పసరుతో, చనుబాలతో కలిపి పొడిచేవాళ్ళు. పిల్ల ఏడవకుండా పాట పాడేవాళ్ళు. అయిపోయాక పసుపు రాసేవాళ్ళు. కూలి కింద జొన్నలో, కొర్రలో, పాత చీరో. మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గర్ థర్స్టన్ 1909లో అచ్చువేసిన ఏడు సంపుటాల కులాల పుస్తకంలోనూ కొరవ స్త్రీలు పచ్చబొట్లు పొడిచే తీరు గురించి రాశాడు. మా అవ్వకు థర్స్టన్ ఎవరో తెలీదు. ఆమె చెప్పిన సూదుల కట్ట, మసి, పసరు, పాట ఆ పుస్తకంలోనూ ఉన్నాయి.

అవ్వకు నుదుట చిన్న చుక్క, గడ్డం మీద ఒక చుక్క, ఎడమ ముంజేతి మీద తేలు, కుడి చేతి మీద తులసికోట ఉండేవి. మణికట్టు ఎముక దగ్గర మూడు చుక్కలు వేరేగా ఉండేవి. అవి అందానికి కావు, విసురుతూ విసురుతూ వచ్చిన నొప్పికి. ఇది పల్లెటూరి మూఢనమ్మకం అని మా మామయ్య నవ్వేవాడు. 1991లో ఆల్ప్స్ పర్వతాల మంచులో దొరికిన ఓట్జీ అనే మనిషి శరీరం ఐదువేల ఏళ్ళకు పైబడినది. దాని మీద 61 పచ్చబొట్లున్నాయి. అందులో చాలా భాగం నడుము, మోకాలు, చీలమండ లాంటి అరిగిన కీళ్ళ దగ్గరే ఉన్నాయి. నొప్పి తగ్గుతుందో లేదో నేను చెప్పలేను. ఆ ఆలోచన మాత్రం మా అవ్వ ఒక్కదానిది కాదు.

కరువు సీమలో పచ్చబొట్టుకు ఇంకో విలువ ఉండేది. మాది రాష్ట్రంలోకెల్లా తక్కువ వాన పడే చోటు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు, అదీ సమయానికి కాదు. 1876 నుంచి 78 దాకా వచ్చిన ధాత కరువు కథలు మా అవ్వ వాళ్ళ అవ్వ నుంచి విన్నది. 1950ల మొదట్లో వచ్చిన గంజి కరువును తనే చూసింది. గంజి కేంద్రం ముందు చంటిపిల్లను ఎత్తుకుని నిలబడింది. కరువు వస్తే ముందుగా ఇంట్లోంచి పోయేది ఆడవాళ్ళ ఒంటి మీది సొమ్మే. మొదట ముక్కుపుడక, తర్వాత వెండి కడియాలు, చివరికి తాళిబొట్టులోని బంగారం షావుకారు దగ్గర కుదువకు పోయి, పసుపుకొమ్ము మిగిలేది. పచ్చబొట్టును ఎవరూ కుదువ పెట్టుకోరు, దొంగలు ఎత్తుకుపోరు. చచ్చిపోయినప్పుడు కూడా ఒంటి మీది బంగారం వలిచేస్తారు కానీ దీన్ని వలవలేరు. "మనతో పాటు వచ్చేది ఇదొక్కటే" అని పాతకాలపు ఆడవాళ్ళు అనేవాళ్ళంటే అందులో వేదాంతం కంటే లెక్క ఎక్కువ. వాళ్ళు ఏమేం పోగొట్టుకున్నారో వాళ్ళకు తెలుసు.

మా తాత పోయినప్పుడు అవ్వకు ముప్పై ఎనిమిదేళ్ళు. గాజులు పగలగొట్టారు, కుంకుమ చెరిపేశారు, మట్టెలు తీశారు. నుదుటి మీది పచ్చబొట్టు చెరగదు కదా. ఆ తర్వాత బతికిన నలభై ఏళ్ళూ ఆ చుక్క అక్కడే ఉంది. శుభకార్యాలకు ఆమెను ముందుకు రానివ్వనివాళ్ళు కూడా ఆ బొట్టును ఏమీ చేయలేకపోయారు. అవ్వ ఏదో ఎదిరించిందని నేను అనడం లేదు. ఆమె తొమ్మిదేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు వాళ్ళమ్మ కూర్చోబెట్టి పొడిపించింది. ఈమెను అడిగినవాళ్ళు లేరు. ఆనాటి పచ్చబొట్టును మెచ్చుకునేటప్పుడు ఇది కూడా చెప్పాలి. ఇద్దరు ఆడవాళ్ళు గట్టిగా పట్టుకుంటే మూడో ఆమె పొడిచింది.

ఆ రోజుల్లో చాలామంది ఆడవాళ్ళ చేతి మీద మొగుడి పేరు ఉండేది. నోటితో ఆ పేరు పలకకూడదు. 1961 జనాభా లెక్కల నాటికి ఆంధ్రప్రదేశ్‌లో చదవను, రాయను వచ్చిన ఆడవాళ్ళు నూటికి పన్నెండుమందే. కాబట్టి ఆ పేరును చదవనూ రాదు. లెక్కలు రాసుకునేవాళ్ళు వచ్చి "ఇంటాయన పేరేంది?" అంటే మా వీధిలో ఒక పెద్దమ్మ మాట్లాడకుండా చెయ్యి చాపేదట. ఆమె ఒంటి మీద ఉన్న అక్షరాలు ఊరందరూ చదవగలరు, ఆమె తప్ప.

ఇంతగా ఇంటింటా ఉన్నది ఎప్పుడు సిగ్గుపడాల్సినది అయింది? దీనికి జవాబు నాకు రెండు చోట్ల దొరికింది. ఒకటి సర్కారు కాగితాల్లో, రెండోది మా అమ్మ చదివిన బళ్ళో.

పచ్చబొట్టును నేరానికి గుర్తుగా వాడిన సర్కారు ఈ దేశంలో ఉంది. ఈస్టిండియా కంపెనీ 1797 నుంచి బెంగాల్లో కొన్ని నేరాలకు శిక్ష పడినవాళ్ళ నుదుట ఆ నేరాన్ని పచ్చబొట్టుగా పొడిపించింది. 1849లో గానీ ఆ చట్టం పోలేదు. ఆ తర్వాత మనుషుల నుదుళ్ళను వదిలి, మొత్తం కులాల మీదే ముద్ర వేశారు. నేరస్థ తెగల చట్టం 1871లో వచ్చింది. మద్రాసు రాష్ట్రానికి 1911లో వర్తింపజేశారు. అందులో ఇరుక్కున్నవాళ్ళలో ఎరుకలవాళ్ళు ఉన్నారు. అంతకుముందు వాళ్ళు గాడిదల మీద, ఎద్దుల మీద ఉప్పూ గింజలూ వేసుకుని ఊరూరా తిరిగి అమ్మేవాళ్ళు. 1871 నాటికే మద్రాసు నుంచి గుత్తి, గుంతకల్లు మీదుగా రాయచూరు దాకా రైలు పడింది. ఉప్పు రైలెక్కేసరికి వాళ్ళ వ్యాపారం పోయింది. తిరిగి బతికేవాళ్ళు దొంగలు అన్న చట్టం వచ్చేసరికి వాళ్ళ పేరు కూడా పోయింది. పోలీసుల దగ్గర హాజరు వేయించుకోవాలి, ఊరు దాటితే అనుమతి కావాలి. బాపట్ల దగ్గర స్టువర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లు అలా పుట్టినవే. దేశమంతటా ఆ చట్టం 1952లో రద్దయింది, ఇవాళ ఎరుకల, కొరచ పేర్లు షెడ్యూల్డు తెగల జాబితాలో ఉన్నాయి. కానీ "ఎరుకలోళ్ళు వచ్చినారు, గడప మూసుకోండి" అనే మాట నా చిన్నప్పటి దాకా బతికే ఉంది. పిల్లల ఒంటికి సూది తగిలించడానికి ఇంట్లోకి పిలిచిన మనిషినే, ఆ తర్వాతి తరం అరుగు ఎక్కనివ్వలేదు. పొడిచే చెయ్యికి చెడ్డపేరు వస్తే పొడిచిన గుర్తుకు రాకుండా ఉంటుందా?

ఇదంతా పాతకాలపు ముచ్చట అనుకోకండి. 1993 డిసెంబరులో అమృత్‌సర్‌లో పోలీసులు నలుగురు ఆడవాళ్ళ నుదుళ్ళ మీద జేబుదొంగ అనే అర్థం వచ్చే మాటను పచ్చబొట్టుగా పొడిపించారు. ఆ పోలీసుల్లో ముగ్గురికి పాటియాలాలోని సీబీఐ కోర్టు శిక్ష వేసింది 2016లో. ఇరవై మూడేళ్ళు పట్టింది.

ఇక మా అమ్మ. ఆమెకు ఆరేడేళ్ళప్పుడు అవ్వ రెండు చేతుల మీదా ముగ్గు చుక్కలు పొడిపించింది. తర్వాత కొన్నేళ్ళకు టౌన్లో హైస్కూల్లో వేశారు. మా వంశంలో బడికి పోయిన మొదటి ఆడపిల్ల ఆమె. అక్కడ ఒక టీచరమ్మ చెయ్యి పట్టుకుని చూసి "ఏ పల్లె మీది?" అని అడిగిందట. క్లాసంతా నవ్వింది. అంతకుమించి ఎవరూ ఏమీ అనలేదు. కానీ ఆ రోజు నుంచి మా అమ్మ మోచేతుల కింది దాకా చేతులున్న రవికలే కుట్టించుకుంది. ఏప్రిల్, మే నెలల్లో మా అనంతపురం ఎండలు తెలిసినవాళ్ళకు అది ఎంత పనో తెలుస్తుంది. మాకు పదిహేనేళ్ళు వచ్చేదాకా అమ్మ చేతి మీద ముగ్గు ఉందని మా చెల్లెలికి సరిగ్గా తెలీదు. అమ్మ మా ఇద్దరికీ ఒక్క చుక్క కూడా పొడిపించలేదు. అడిగితే "మీకెందుకే ఆ బాధ" అనేది. ఆ బాధ సూదిది అనుకున్నాను చాలాకాలం.

అమ్మను తప్పుపట్టలేను. పచ్చబొట్టు ఉంటే పల్లెటూరు, చదువు లేదు, ఏ కులమో అన్న మూడు ప్రశ్నలు మనిషి కంటే ముందే గదిలోకి వచ్చేవి. పైగా అందరికీ ఒకే సూదితో పొడవడం మంచిది కాదన్నది నిజం. కామెర్లు తెచ్చే హెపటైటిస్ బి, సి వైరస్‌లు, హెచ్ఐవి అలాగే అంటుకుంటాయి. 1990లలో ఎయిడ్స్ ప్రచారం పల్లెల దాకా వచ్చాక సూది అంటేనే జనం భయపడ్డారు. సిగ్గు ఒకవైపు, భయం ఒకవైపు. రెండూ కలిసి మా తరం చేతులను ఖాళీగా ఉంచాయి.

పచ్చబొట్టు పూర్తిగా ఎప్పుడూ పోలేదు. కదిరి నరసింహస్వామి తేరుకు ఫాల్గుణంలో వెళ్తే, గాజుల అంగళ్ళ పక్కన బ్యాటరీకి కట్టిన చిన్న మిషనుతో ఒకాయన కూర్చుని ఉంటాడు. ముందు ఒక అట్ట మీద బొమ్మలు, పేర్లు. ఆ మిషను మూలం కూడా దూరదేశానిదే. 1891లో న్యూయార్కులో సామ్యూల్ ఓ రైలీ అనే ఆయన కరెంటు సూదికి పేటెంటు తీసుకున్నాడు. నూరేళ్ళ తర్వాత అది మా తేరుకు చేరింది. పాట పాడే మనిషి పోయి గుయ్యిమనే చప్పుడు వచ్చింది. తేరులో పొడిపించుకునేవాళ్ళలో మగపిల్లలే ఎక్కువ.

టాటూగా అది తిరిగివచ్చింది ఆ తేరు అంగడి నుంచి కాదు. సినిమా నుంచి, నగరం నుంచి వచ్చింది. సమంత మెడ వెనక తన మొదటి తెలుగు సినిమా పేరులోని అక్షరాలు వేయించుకుంటే పేపర్లన్నీ రాశాయి. 2015లో వచ్చిన బాహుబలి మొదటి భాగంలో హీరో ఆ అమ్మాయికి తెలీకుండా ఆమె చేతి మీద బొమ్మ గీస్తాడు. థియేటర్లో అందరితో పాటు నేనూ బాగుందనే అనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే, తొమ్మిదేళ్ళ మా అవ్వనూ అడగలేదు, కత్తి పట్టిన అవంతికనూ అడగలేదు.

మా అమ్మాయి బెంగళూరులో ఉద్యోగం చేస్తోంది. రెండేళ్ళ క్రితం మణికట్టు లోపలివైపు చిన్న నెమలీక వేయించుకుంది. తన జీతం, తన సెలవు రోజు. ఫోన్ చేసి చెప్పింది కానీ అడగలేదు. వాళ్ళ నాన్న నాలుగు రోజులు ముభావంగా ఉన్నాడు. మా అమ్మ మాత్రం చెయ్యి పట్టుకుని చూసి "నొప్పి పుట్టిందా?" అని ఒక్కమాట అడిగింది.

మొన్న ఒక సంబంధంవాళ్ళు వచ్చారు. కాఫీలు అయ్యాక అబ్బాయి తల్లి ఆ నెమలీకను చూసి నన్ను పక్కకు పిలిచింది. "ఇంకెక్కడైనా ఉన్నాయా? ఎవరి పేరైనా?" అని అడిగింది. అడిగిన తీరు మెత్తగానే ఉంది. వాళ్ళతో వచ్చిన పెద్దావిడ, ఆ అబ్బాయి జేజి, సోఫాలో కూర్చుని ఉంది. ఆమె ముంజేతి మీద మా అవ్వ చేతి మీది లాంటి తేలే ఉంది. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు. "లేవండీ, ఉన్నా అది మా అమ్మాయిని అడగాల్సిన మాట" అన్నాను. ఆ సంబంధం ముందుకు సాగలేదు. కారణం వాళ్ళు చెప్పలేదు, మేమూ అడగలేదు. మా ఆయన మాత్రం ఆ రోజు నుంచి ముభావం మానేశాడు.

పచ్చబొట్టు మీద ఇంత మంది అభిప్రాయాలు మారాయని నేను ఈ వ్యాసం మొదలుపెట్టినప్పుడు అనుకున్నాను. ఇప్పుడు అంతగా మారలేదనిపిస్తోంది. మంచి, చెడు అని తీర్పు చెప్పేటప్పుడు జనం బొమ్మను చూడడం లేదు. అది ఎవరి ఒంటి మీద ఉంది, ఎవరు పొడిచారు, ఎవరు పొడిపించుకోమన్నారు అని చూస్తున్నారు. అమ్మ చెప్తే పొడిపించుకున్న పిల్ల బుద్ధిమంతురాలు. బడికి అదే చేత్తో వస్తే పల్లెటూరిది. మొగుడి పేరు ఉంటే పతివ్రత. తనకు తానుగా ఒక ఈక వేయించుకుంటే అనుమానం. మగపిల్లవాడి భుజం మీద ఎంత పెద్ద సింహం ఉన్నా పెళ్ళిచూపుల్లో దాన్ని లెక్కపెట్టేవాళ్ళను నేను చూడలేదు.

ఇంట్లో ఎదిగిన పిల్లలున్నవాళ్ళకు పనికొచ్చే నాలుగు మాటలు కూడా చెప్తాను. మా చెల్లెలి కూతురు కానిస్టేబుల్ ఉద్యోగాలకు తయారవుతూ అడిగితే తెలుసుకున్నాను. సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్ లాంటి కేంద్ర దళాల్లో పచ్చబొట్టుకు షరతులున్నాయి. సెల్యూట్ చేయని ఎడమ ముంజేతి లోపలివైపు లాంటి చోటే ఉండాలి, ఆ భాగంలో నాలుగో వంతు కంటే చిన్నదిగా ఉండాలి, పేరో దేవుడి గుర్తో అయి ఉండాలి. ఉద్యోగం ఆలోచన ఉన్న పిల్లలు నోటిఫికేషన్ చదివాకే సూది దగ్గరికి వెళ్ళాలి. టాటూ వేయించుకున్నాక ఏడాది పాటు రక్తదానం చేయకూడదు. సూది కొత్తదా, కళ్ళ ముందే ప్యాకెట్ విప్పారా అని చూసుకోవాలి. లేజరుతో తీసేయవచ్చు అంటారు కానీ అది ఒక పూటలో అయ్యే పని కాదు, చాలాసార్లు తిరగాలి, ఖర్చు వేయించుకున్నదానికి ఎన్నో రెట్లు. పద్దెనిమిది నిండేదాకా ఆగమని చెప్పడం తల్లిగా నాకు న్యాయమనిపిస్తుంది. ఆ తర్వాత నిర్ణయం వాళ్ళది.

పచ్చబొట్టు ఎందుకు చెరగదో 2018లో ఫ్రాన్సులోని మార్సెయ్ శాస్త్రవేత్తలు ఎలుకల మీద పరిశోధించి చెప్పారు. మసిని బయటి వస్తువు అనుకుని చర్మంలోని కొన్ని కణాలు మింగేస్తాయట. ఆ కణాలు చచ్చిపోతే మసి బయటపడుతుంది. వెంటనే కొత్త కణాలు దాన్ని మళ్ళీ మింగుతాయి. ఒకరి చేతిలోంచి ఒకరు అందుకుంటూ ఉంటాయి కాబట్టి గుర్తు ఉన్నచోటే ఉంటుంది. ఇది చదివినప్పుడు మా అమ్మ గుర్తొచ్చింది. ఎన్ని రవికలు మార్చినా ముగ్గు ఎందుకు పోలేదో అప్పుడు అర్థమైంది.

ఇప్పుడు నేను ఒక పని పెట్టుకున్నాను. మా బంధువుల్లో ఎనభై దాటిన ఆడవాళ్ళు తొమ్మిదిమంది ఉన్నారు. ఒక్కొక్కరి ఇంటికీ వెళ్ళి చేతులు, నుదుళ్ళు ఫోటోలు తీసుకుంటున్నాను. ఎప్పుడు పొడిపించారు, ఎవరు పట్టుకున్నారు, ఏడ్చారా, ఏం కూలి ఇచ్చారు అని రాసుకుంటున్నాను. ఇప్పటికి ఐదుగురివి అయ్యాయి. అందరూ అన్నీ చెప్తున్నారు. పొడిచిన ఆమె పేరేమిటి అని అడిగితే మాత్రం ఐదుగురూ ఒకే జవాబు చెప్పారు, "ఎరుకలామె" అని. ఇంకా నలుగురు మిగిలారు. వాళ్ళలో ఒక్కరికైనా ఆ పేరు గుర్తుంటుందేమో చూడాలి. మీ ఇంట్లో అలాంటి పెద్దవాళ్ళుంటే మీరూ అడగండి.